అందరూ వాడేది అన్నిటికన్నా మంచిదేనా?

పోయిన వారం పదో తరగతి అబ్బాయి ఒకడు నన్నడిగాడు: "మాస్టారూ! వెబ్‌సైట్లు తయారు చెయ్యడం నేర్చుకుందామనుకుంటున్నాను. మా అన్నయ్య వర్డ్‌ప్రెస్ నేర్చుకోమంటున్నాడు. అందరూ వాడేది అదేనట. అందరూ వాడుతున్నారంటే అదే మంచిదని అర్థం కదండీ?"

ప్రశ్న మంచిదే. కాని అందులో ఒక తొందరపాటు వుంది. ఎంతమంది వాడుతున్నారన్నది లెక్కపెట్టి చెప్పవచ్చు. ఏది మంచిదన్నది పరీక్షించి చెప్పాలి. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే మనం సైన్సు చదివి ప్రయోజనమేమిటి?

ముందుగా ప్లాట్‌ఫారం అంటే ఏమిటో చూద్దాం. ఇల్లు కట్టేవారు ఇటుకలు తామే కాల్చుకోరు, తలుపులు తామే చేసుకోరు. సిద్ధంగా వున్నవి తెచ్చి అమర్చుకుంటారు. వెబ్‌సైటు కట్టేవారికోసం అలా సిద్ధం చేసిపెట్టిన సామగ్రే ప్లాట్‌ఫారం. ఇలాంటివి ఎన్నో వున్నాయి. మరి కొన్నిటికే అంత ఆదరణ ఎందుకు?

వర్డ్‌ప్రెస్‌నే తీసుకోండి. ప్రపంచంలో ప్రతి పది వెబ్‌సైట్లలో సుమారు నాలుగు దానితోనే నడుస్తున్నాయి. 2003లో అమెరికాలోని మాట్ మల్లెన్‌వెగ్ అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడూ, ఇంగ్లండులోని మైక్ లిటిల్ కలిసి దాన్ని మొదలుపెట్టారు. అదీ సున్నా నుంచి కాదు. పని ఆగిపోయిన బి2 అనే ప్రోగ్రామును తీసుకుని బాగుచేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని దాని లైసెన్సులోనే వుంది.

అప్పటికే మూవబుల్ టైప్ అనే మరో ప్లాట్‌ఫారం పేరు పొంది వుంది. 2004 మే నెలలో దాని కొత్త వెర్షను వచ్చింది. ఉచితంగా వాడుకునేవారికి కొన్ని పరిమితులు పెట్టారు. అవి దాటితే డబ్బు కట్టాలి. దాంతో చాలామంది వర్డ్‌ప్రెస్‌కు మారిపోయారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. వర్డ్‌ప్రెస్ ఆ ఒక్క నెలలో రెట్టింపు మంచిదైపోయిందా? లేదు. మారింది అవతలివారి లైసెన్సు!

రెండో కారణం ఇంకా చిన్నది. వర్డ్‌ప్రెస్‌ను రాసింది పి.హెచ్.పి. అనే భాషలో. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఆ భాష, తక్కువ అద్దెకు దొరికే సర్వర్లలో ముందే సిద్ధంగా వుండేది. చేతికందే చోట వున్నదాన్నే నలుగురూ అందుకుంటారు.

మూడోది సంత న్యాయం. అమ్మేవారు ఎక్కువున్న సంతకే కొనేవారు పోతారు. కొనేవారు ఎక్కువున్న సంతకే అమ్మేవారూ వస్తారు. వర్డ్‌ప్రెస్‌కు వాడేవారు పెరిగారు కాబట్టి దానికి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు రాసేవారు పెరిగారు. ఇవాళ అలాంటివి ఉచితంగానే యాభైవేలకు పైగా దొరుకుతున్నాయి. అవి వున్నాయి కాబట్టి వాడేవారు మరింత పెరిగారు.

"అయితే అన్నయ్య చెప్పింది నిజమేగా!" అంటారా? సగం నిజం. నలుగురు నడిచిన దారిలో సాయం తొందరగా దొరుకుతుంది. కాని అదే సంతకు దొంగలూ వస్తారు. ఎక్కువమంది వాడే దానిలో ఒక్క లోపం దొరికితే లక్షల వెబ్‌సైట్లలో చొరబడవచ్చు గనుక దొంగల చూపు దానిమీదే వుంటుంది.

పైగా ఆదరణ శాశ్వతం కాదు. ఒకప్పుడు కదిలే బొమ్మలకూ ఆటలకూ ఎక్కడ చూసినా ఫ్లాష్ కనిపించేది. 2007లో వచ్చిన ఐఫోన్ దాన్ని అంగీకరించలేదు. తరువాత బ్రౌజర్లే ఆ పనులు స్వయంగా చెయ్యసాగాయి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు మద్దతు ముగిసింది. ఏ మీట ఎక్కడుందో మాత్రమే కంఠస్థం చేసినవారు మళ్లీ మొదటి పాఠానికి రావలసివచ్చింది.

అందుకే నా అభిప్రాయం ఇది. ముందు హెచ్.టి.ఎమ్.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్ట్ నేర్చుకోండి. ఏ ప్లాట్‌ఫారంతో కట్టిన పేజీ అయినా మీ బ్రౌజరుకు చేరేటప్పటికి సాధారణంగా ఈ మూడింటి రూపంలోనే వుంటుంది. ఇవి వచ్చినవారికి ఏ ప్లాట్‌ఫారమైనా కొద్దివారాల పని. ఇవి రానివారు ప్లాట్‌ఫారం మారినప్పుడల్లా ఫీజులు కట్టుకుంటూ కూర్చోవాలి. మీ నాన్నగారి కష్టార్జితం అందుకు కాదు గదా!

ఆ అబ్బాయికి నేను జవాబు చెప్పలేదు, ఒక ప్రయోగం చెప్పాను. మీరూ చెయ్యండి. మీ బడి గురించి ఒకే పేజీని రెండు రకాలుగా తయారు చెయ్యండి. ఒకటి ప్లాట్‌ఫారంతో, రెండోది చేత్తో రాసిన హెచ్.టి.ఎమ్.ఎల్.తో. ఏది తొందరగా పూర్తయింది? పాత ఫోనులో ఏది ముందు తెరుచుకుంది? తప్పు వస్తే ఏది మీరే దిద్దుకోగలిగారు? మూడు జవాబులూ నోటుపుస్తకంలో రాసుకోండి. అప్పుడు ఏది మంచిదో, ఏ పనికి మంచిదో మీరే చెప్పగలరు.