కొత్త బౌలర్‌కి మనమెందుకు దొరికిపోతాం?

మా అహోబిలంలో కనుమ నుంచి పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకిలో ఊళ్ల మీదకు బయల్దేరాక ఇక ఎవరికీ వేరే ధ్యాస ఉండదు. అందుకే మా టెన్నిస్ బాల్ టోర్నమెంట్ భోగి, సంక్రాంతి... ఆ రెండు రోజుల్లోనే అయిపోవాలి. బెంగళూరు నుంచి నేను, హైదరాబాద్ నుంచి ఇద్దరు, ఏడాదికోసారి బ్యాట్ పట్టే సాఫ్ట్‌వేర్ బ్యాచ్ అంతా దిగిపోతాం. పొట్టలు వచ్చాయి కానీ పట్టుదల తగ్గలేదు.

ఈసారి భోగి రోజు మ్యాచ్. రుద్రవరం వైపు నుంచి వచ్చిన టీమ్‌లో ఒక సన్నటి కుర్రాడు. ఎడమచేతి బౌలర్. నాలుగే నాలుగు అడుగుల రనప్. బంతిని చివరిదాకా నడుము వెనకాల దాచి, ఎక్కడి నుంచో విసిరినట్టు వేస్తాడు. స్పీడ్ పెద్దగా లేదు. మా ఊళ్లోనే వాడికంటే ఫాస్ట్‌గా వేసేవాళ్లు ఇద్దరున్నారు. అయినా నేను రెండో బంతికే బౌల్డ్. స్టంప్ పడిన చప్పుడు విన్న తర్వాత నా బ్యాట్ కిందికి వచ్చింది. మీరు నవ్వుకోండి, పర్లేదు. మా టీమంతా నవ్వింది.

నా తర్వాత వెళ్లింది మా చిన్నాన్న కొడుకు. ఇంటర్ సెకండియర్. మా టీమ్‌లో నిజంగా ఆట వచ్చినవాడు వాడొక్కడే. వాడు మూడు బంతులాడాడు. మూడోదానికి వాడూ బౌల్డ్. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

వాడు వేపచెట్టు కింద ప్యాడ్లు విప్పి కూర్చున్నాడు. పక్కన కూర్చుంటే అన్నాడు: "బంతి చెయ్యి ఇడిసేదే కనపడల్యా అన్నా. నాకు ఆట రాదు. ఇంగ వద్దు."

ఆ మాట ఒక్క మ్యాచ్‌ది కాదు. డిసెంబర్‌లో వాడొక సెలక్షన్‌కి వెళ్లొచ్చాడు. ఎవరో తెలియని బౌలర్ ఆరు బంతులు వేశాడట. రెండు తగల్లేదు, ఒకటి బౌల్డ్. "నెక్స్ట్" అన్నారు. అంతే. ఇంటికొచ్చాక చిన్నాన్న "చాల్లే, ఎంసెట్ చూసుకో" అన్నాడు. ఇప్పుడు ఈ మూడు బంతులు. వాడి లెక్కలో తొమ్మిది బంతులకే కథ ముగిసిపోయింది.

నేను కోడ్ రాసుకునేవాణ్ని. ఏదైనా ఆగిపోతే ఎందుకు ఆగిందో చూడకుండా నిద్రపట్టదు. ఆ రాత్రి అదే పని పెట్టుకున్నాను.

కళ్లు బంతిని చూడవు

మొదట ఒక చిన్న లెక్క. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బంతి చేతిలోంచి వదిలాక బ్యాటర్ దాకా రావాల్సిన దూరం సుమారు 18 మీటర్లు. 140 కిలోమీటర్ల స్పీడ్‌తో వస్తే దానికి పట్టే టైమ్ దాదాపు అర సెకను. కంటికి కనిపించినది మెదడుకు చేరి, చెయ్యి కదలడం మొదలవడానికే సుమారు 0.2 సెకన్లు కావాలి. బ్యాట్ తిప్పడానికి ఇంకొంచెం. అంటే బంతి సగం దారిలో ఉండగానే మీ నిర్ణయం అయిపోవాలి. మిగతా సగం చూసినా పెద్దగా చేసేదేం ఉండదు.

"బంతిని చివరిదాకా చూడు" అని మనకు చిన్నప్పటి నుంచి చెప్తారు కదా? 2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియోడ్ అనే శాస్త్రవేత్తలు బ్యాటర్ల తలకు కెమెరా కట్టి, కళ్లు ఎటు పోతున్నాయో గమనించారు. బ్యాటర్ బంతి వెంట చివరిదాకా కళ్లు తిప్పడం లేదు. చేతిలోంచి వదిలే క్షణం చూస్తాడు. వెంటనే చూపు బంతిని దాటేసి, అది ఎక్కడ పిచ్ అవుతుందో ఆ చోటికి ముందే దూకుతుంది. అక్కడ బంతి కోసం ఎదురుచూస్తుంది. మంచి బ్యాటర్ చూపు ఇంకా ముందుగా దూకుతుంది.

అంటే బ్యాటింగ్ సగం చూడటం, సగం ఊహించడం. ఆ ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? బౌలర్ ఒంట్లోంచి. భుజం ఎలా తిరిగింది, మణికట్టు ఎటు వంగింది, కాలు ఎక్కడ పడింది... వేల బంతులు ఆడినవాడి మెదడు ఇవన్నీ వాడికే తెలియకుండా దాచుకుంటుంది. బంతి చెయ్యి దాటే క్షణం దగ్గర వీడియో ఆపేసి "ఏ బంతి?" అని అడిగితే, కొత్తగా నేర్చుకునేవాళ్లకంటే అనుభవం ఉన్నవాళ్లు చాలా బాగా చెప్పగలుగుతారు.

మా భాషలో చెప్పాలంటే ట్రైనింగ్ డేటా. డేటాలో ఉన్న బౌలర్ వస్తే మెదడు జవాబు సిద్ధంగా పెట్టుకుంటుంది. డేటాలో లేనివాడు వస్తే తప్పు జవాబు ఇస్తుంది. అదీ పూర్తి ధైర్యంగా ఇస్తుంది. అసలు చిక్కు అక్కడే.

అమెరికాలో ఒక ఫన్నీ మ్యాచ్

బేస్‌బాల్‌లో బంతి వేసేవాణ్ని పిచ్చర్ అంటారు. 2004లో సరదాగా జరిగిన ఒక ఆల్‌స్టార్ సాఫ్ట్‌బాల్ ఆటలో జెన్నీ ఫించ్ అనే అమ్మాయి బంతులు వేసింది. సాఫ్ట్‌బాల్‌లో చెయ్యి కిందినుంచి తిప్పి వేస్తారు. ఎదురుగా ఉన్నది ఆల్బర్ట్ పుహోల్స్. కెరీర్ మొత్తంలో 703 హోమ్‌రన్లు కొట్టిన మొనగాడు. ఆమె అతన్ని ఔట్ చేసి పంపించింది. మైక్ పియాజ్జానీ అంతే.

పుహోల్స్ రోజూ ఆడే బంతులు గంటకు 150 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. ఆమెది చాలా తక్కువ స్పీడ్. బంతి కూడా పెద్దది. కానీ దూరం తక్కువ కాబట్టి బంతి చేరే టైమ్ దాదాపు సమానం. టైమ్ ఒకటే, బంతి పెద్దది, అయినా తగల్లేదు. ఎందుకంటే భుజం పైనుంచి వచ్చే చెయ్యిని చదవడం మాత్రమే అతనికి తెలుసు. నడుము దగ్గర నుంచి వచ్చే చెయ్యి అతని లైబ్రరీలో లేదు.

బేస్‌బాల్ లెక్కల్లో ఇంకో విషయం కూడా తేలింది. ఒకే మ్యాచ్‌లో ఒకే పిచ్చర్‌ని మొదటిసారి కంటే రెండోసారి, రెండోసారి కంటే మూడోసారి బ్యాటర్లు బాగా కొడతారు. పిచ్చర్ అలసిపోవడం ఒక్కటే కారణం కాదు, బ్యాటర్‌కి అలవాటు కావడం కూడా కారణమని విశ్లేషకులు చెప్తారు. అందుకే ఇప్పుడు చాలా టీములు మూడోసారి మొదలయ్యేసరికి కొత్త పిచ్చర్‌ని దింపుతాయి.

క్యారమ్ బోర్డు లేని ఇల్లుందా?

మన కథకి వద్దాం. 2008 జూలై 6, కరాచీ, ఆసియా కప్ ఫైనల్. నేను స్కూల్లో ఉన్నాను, పక్కింటి టీవీ ముందు కూర్చున్నాను. లక్ష్యం 274. సెహ్వాగ్ 36 బంతుల్లో 60 కొట్టాడు. మ్యాచ్ మనదే అనుకున్నాం. అప్పుడు శ్రీలంక కెప్టెన్ అజంతా మెండిస్‌కి బంతి ఇచ్చాడు. 8 ఓవర్లు, 13 పరుగులు, 6 వికెట్లు. సెహ్వాగ్ కూడా అతనికే స్టంపౌట్. ఇండియా 173 ఆలౌట్.

మధ్య వేలితో క్యారమ్ స్ట్రైకర్‌ని కొట్టినట్టు బంతిని విదిలించేవాడు మెండిస్. దానికి పేరే క్యారమ్ బాల్. క్యారమ్ బోర్డు లేని వీధి మన దేశంలో ఉందా? అయినా ఆ వేలు క్రికెట్ బంతి మీద ఎలా పని చేస్తుందో మనవాళ్ల కళ్లకు తెలియదు. కొన్ని రోజులకే టెస్టులు మొదలయ్యాయి. సచిన్, ద్రవిడ్, గంగూలీ, మన హైదరాబాద్ లక్ష్మణ్... ఇంతకంటే బలమైన బ్యాటింగ్ ఆ రోజుల్లో ఎక్కడుంది? మెండిస్ మొదటి టెస్ట్ వికెట్టే ద్రవిడ్. మూడు టెస్టుల్లో 26 వికెట్లు తీశాడు.

వీళ్లకి ఆట రాదని ఎవరైనా అనగలరా?

అదే సిరీస్‌లో గాలె టెస్ట్ కూడా ఉంది. కరాచీలో స్టంపౌట్ అయిన అదే సెహ్వాగ్, నెల తిరక్కముందే అక్కడ 201 నాటౌట్. టీమ్ మొత్తం స్కోరు 329. మెండిస్ అప్పటికీ ఆ ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు తీశాడు. కానీ ఒకడు మాత్రం ఆ చెయ్యిని చదివేశాడు. ఆ మ్యాచ్ మనమే గెలిచాం.

మెండిస్ కెరీర్ 19 టెస్టులు, 70 వికెట్లు. మొదటి మూడింటిలో 26. మిగతా పదహారింటిలో 44. వేరే కారణాలు కూడా ఉంటాయి, కానీ ప్రపంచమంతా అతని వీడియోలు చూసేసిందన్నది మాత్రం నిజం. కొత్తదనం అంటే అప్పు లాంటిది. గడువు తీరాక కట్టాల్సిందే.

అలాగని కొత్తదనం ఒక్కటే అనుకుంటే కూడా పొరపాటే. ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు మీదుగా వెళ్తే కడప. ఆ జిల్లా అమ్మాయే శ్రీచరణి. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లాండ్ మీద మొదటి టీ20 ఆడింది. 12 పరుగులకు 4 వికెట్లు. ఇంగ్లాండ్ వాళ్లకి ఆమె చెయ్యి కొత్త. మరి తర్వాతి మ్యాచ్‌లకి వీడియోలు చూసుకోరా? చూసే ఉంటారు. అయినా ఐదు మ్యాచ్‌ల్లో 10 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద సిరీస్. ఆ ఏడాదే మనం గెలిచిన వరల్డ్ కప్‌లో 14 వికెట్లు. మొదటి రోజు కొత్తదనం సాయం చేసి ఉండొచ్చు. ఆ తర్వాతి రోజులన్నీ ఆమె నేర్చుకున్న పనే.

0.25 స్పీడ్‌లో దొరికిన జవాబు

మళ్లీ భోగి రాత్రికి. మ్యాచ్‌ని ఎవరో ఫోన్‌లో తీశారు. నేనూ తమ్ముడూ మిద్దె మీద కూర్చుని 0.25 స్పీడ్‌లో పెట్టి చూశాం. పదో సారికి తమ్ముడే పట్టుకున్నాడు.

మామూలు బౌలర్ ముందు కాలు నేల మీద పడ్డాక బంతి వదులుతాడు. మాకు తెలియకుండానే మేమంతా ఆ కాలు చప్పుడుని బడి గంటలా వాడుకుంటున్నాం. కాలు పడితే బ్యాట్ లేపుతాం. ఈ కుర్రాడు కుడికాలు పడకముందే బంతి వదిలేస్తున్నాడు. మా గంట మోగేసరికి బంతి బయల్దేరిపోయింది. స్పీడ్ లేకపోయినా మేం లేటయ్యేది అందుకే.

మర్నాడు ఫైనల్‌లో మళ్లీ అదే టీమ్. తమ్ముడు మొదటి రెండు ఓవర్లు అవతలి ఎండ్‌లో నిలబడి వాడి చెయ్యినే చూశాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టి 23 కొట్టాడు. నేనా? మళ్లీ వాడికే ఔట్. విషయం నాకు తెలిసింది కానీ నా చేతులకి తెలియలేదు. వీడియో చూస్తే సగమే వస్తుంది. మిగతా సగం బంతులాడితేనే వస్తుంది. మ్యాచ్ కూడా ఓడిపోయాం.

కనుమ రోజు చిన్నాన్న దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. మెండిస్, ద్రవిడ్, పుహోల్స్ అందరినీ దింపాను. "ఆరు బంతులు చూసి ఆట రాదని తేల్చడం తప్పు చిన్నాన్నా. తెలియని బౌలర్‌ని పెట్టి ఆరు బంతులు వేస్తే ద్రవిడ్‌కీ కష్టమే" అన్నాను.

ఆయన అంతా విని అడిగాడు: "సరేప్పా. వాళ్లు ఆరు బంతులకే తేలుస్తారని తెలిసినాక, ఆ ఆరు బంతులకి తయారై పోవాల్నా వద్దా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. సెలక్షన్ పద్ధతి న్యాయంగా లేదు, నిజమే. ఆరు బంతుల బదులు నాలుగు రకాల బౌలర్లతో నాలుగు ఓవర్లు ఆడిస్తే ఎవరి సొమ్మేం పోతుంది? కానీ అది మారేదాకా మనం ఆగలేం.

అందుకే తమ్ముడికి చెప్పినవే మీకూ చెప్తున్నాను. రోజూ అదే ముగ్గురు ఫ్రెండ్స్ బౌలింగ్‌లో ప్రాక్టీస్ చేస్తే ఆ ముగ్గురి మీదే ఆట వస్తుంది. ఎడమచేతివాళ్లని, వంకర యాక్షన్‌వాళ్లని, పక్క ఊరివాళ్లని వెతికి పట్టుకోండి. బౌలింగ్ మెషీన్‌కి భుజం లేదు, మణికట్టు లేదు. దాన్నుంచి చెయ్యి చదవడం రాదు. మీ వంతు రాకముందు ఫోన్ చూడకుండా బౌలర్‌ని చూడండి. క్రీజులోకి వెళ్లాక మొదటి కొన్ని బంతులు వికెట్ కాపాడుకుంటూ చెయ్యి చూడటానికే వాడండి. మీరు బౌలర్ అయితే, మోచెయ్యి రూల్ దాటనంత వరకు మీ వింత యాక్షన్‌ని ఎవరో నవ్వారని మార్చుకోకండి. కాకపోతే దాని మీదే బతకొచ్చనుకోకండి.

చివరికి ఇంట్లో ఒప్పందం కుదిరింది. ఎంసెట్ అయ్యేదాకా ఆదివారాలు మాత్రమే ఆట. మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. రుద్రవరం వైపు ఆ కుర్రాణ్ని వెతికి, బతిమాలి, ఆళ్లగడ్డకి పిలిపించుకున్నాడట. పొద్దున్నుంచి వాడి బౌలింగే ఆడాడట.

"ఎట్లా ఆడావురా?" అన్నాను.

"రెండు తూర్లు బౌల్డ్ అయినా అన్నా," అన్నాడు నవ్వుతూ. "వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్యా."