కెమెరా పగ్గాలు పరాయి చేతికా?

వీడియో కాల్‌లో మన కెమెరా ఎటు చూడాలో నిర్ణయించేది మనమేనని నమ్ముతాం. ఆఫీసుల సమావేశ గదుల్లో, ఆసుపత్రుల్లో, తరగతి గదుల్లో బిగిస్తున్న తిరిగే కెమెరాల విషయంలో ఆ నమ్మకం చెల్లదు. అవతలి వ్యక్తి తానున్న చోటు నుంచే వాటిని పక్కకు తిప్పగలడు, పైకెత్తగలడు, జూమ్ చేయగలడు. ఇది దొంగచాటు విద్యేమీ కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1994లోనే ఇందుకు హెచ్.281 అనే ప్రమాణాన్ని రూపొందించింది. నేడు జూమ్ వంటి యాప్‌లలోనూ ఈ సదుపాయం ఉంది.

దీనివల్ల మేలు లేకపోలేదు. నగరంలోని స్పెషలిస్టు దూరాన ఉన్న రోగి గాయాన్ని తానే దగ్గరగా చూసుకోవచ్చు. నర్సు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చిక్కల్లా కెమెరాను తిప్పే అనుమతి ఎవరికి, ఎంతసేపు అన్న దగ్గరే.

2012 జనవరిలో అమెరికా భద్రతా పరిశోధకుడు హెచ్.డి. మూర్ చేసి చూపినది ఇప్పటికీ పాఠమే. ఇంటర్నెట్‌లో కొద్ది భాగాన్ని జల్లెడ పడితేనే, వచ్చిన కాల్‌ను యంత్రమే ఎత్తేలా వదిలేసిన కాన్ఫరెన్స్ పరికరాలు సుమారు 5,000 దొరికాయి. న్యాయవాదుల కార్యాలయాలు, మందుల కంపెనీలు, వైద్య కేంద్రాలు అన్నీ వాటిలో ఉన్నాయి. గదిలో ఎవరూ బటన్ నొక్కకుండానే ఆయన కెమెరాలను తిప్పి, గోడ మీది రంగు పెచ్చులు కనిపించేంత దగ్గరగా చూడగలిగారు. తాళాలు ఆయన పగలగొట్టలేదు, తలుపులే తీసి ఉన్నాయి.

కెమెరా పక్కన వెలిగే లైటు మనల్ని కాపాడుతుందనుకోవడం భ్రమ. అది కెమెరా పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది; ఎటు చూస్తోందో, తిప్పుతున్నది ఎవరో చెప్పదు. కాల్ నడుస్తున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. పైగా అనుమతి అడిగినప్పుడు ‘సరే’ నొక్కేది ఒక్కరు, కెమెరాకు చిక్కేది గదిలోని అందరూ. బల్ల మీది ఫైలు, బోర్డు మీద చెరపని లెక్కలు, పక్క మంచం మీది రోగి, వీటి తరఫున ఆ ఒక్కరు అనుమతి ఎలా ఇస్తారు? విదేశాల్లోని పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల కోసం ఇంట్లో పెట్టిస్తున్న తిరిగే కెమెరాలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. ఇంట్లోవాళ్లకే కాదు, పనిమనిషికీ కెమెరాను దూరం నుంచి తిప్పగలరన్న సంగతి తెలియాలి.

అనుమతి అడిగే పద్ధతినీ మోసగాళ్లు వాడుకుంటున్నారు. క్రిప్టో దొంగల ముఠా ఒకటి జూమ్ కాల్‌లో తన పేరును ‘జూమ్’ అని మార్చుకుని ఎదుటివారి కంప్యూటర్ నియంత్రణ కోరుతోందని 2025లో బయటపడింది. యాపే అడుగుతోందనుకుని ఒప్పుకున్నవారి గతి ఏమిటో చెప్పనక్కర్లేదు. కెమెరా అనుమతి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం.

చట్టం ఉందిగా అని ఊరుకోలేం. ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ మూడేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కానీ అది శరీర గోప్యతకే పరిమితం. బల్ల మీది కాగితాన్ని దూరం నుంచి చదివేస్తే ఆ సెక్షన్ అక్కరకు రాదు.

కాబట్టి తయారీదారులు దూరం నుంచి కెమెరా తిప్పే సదుపాయాన్ని మొదటినుంచీ మూసి ఉంచే అమ్మాలి. ఇతరులు కెమెరాను తిప్పుతున్నప్పుడు తెర మీద స్పష్టంగా కనిపించాలి. కాల్‌ను యంత్రమే ఎత్తే సెట్టింగును సంస్థలు తీసేయాలి. నియంత్రణ ఎవరికివ్వాలో చెప్పే బాధ్యత ఒకరికి అప్పగించాలి. పని ముగియగానే అనుమతిని వెనక్కి తీసుకుని, కెమెరా కంటికి మూత పెట్టాలి. ఒకసారి ఇచ్చిన అనుమతి ఎల్లకాలం చెల్లేలా ఏ యాప్‌లోనూ ఉంచకూడదు. అడిగిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు అని ప్రశ్నించాకే ‘సరే’ నొక్కాలి. జవాబు నచ్చకపోతే, అడిగింది పై అధికారైనా సరే, నిరాకరించే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉండి తీరాలి.