పిల్లల వీపు చూశారా?

పదేళ్లు దాటిన కూతురికి జడ వేస్తాం గానీ, వీపు చూడం. స్నానం తనే చేస్తుంది మరి! వెన్ను పక్కకి వంగిపోయే స్కోలియోసిస్ ఎక్కువగా ముదిరేది ఆ వయసులోనే. నొప్పి సాధారణంగా ఉండదు. చుడీదార్ ఒక భుజం మీద ఎత్తుగా ఉంటే టైలర్ని తిట్టి ఊరుకుంటాం.

పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంగ్లండ్ వైద్యుడు విలియం ఆడమ్స్ 1865లోనే చెప్పాడు. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, రెండు చేతులూ జోడించి కిందికి వేలాడేసి ముందుకు వంగమనండి. వెనక నిలబడి చూడండి. వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా లేస్తే ఎముకల డాక్టరుకి చూపించాలి. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలైనా ఉంటేనే స్కోలియోసిస్ అంటారు. కొద్దిపాటి వంపైతే గమనిస్తూ ఉంటే చాలు. పుస్తకాల సంచీ మోయడం వల్ల వచ్చేది కాదిది, పిల్లనేమీ అనకండి.

జపాన్‌లో ఈ పరీక్ష బడిలోనే చేస్తారు. పిల్లలందరికీ చేయాలా అన్నది తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల బృందం 2018లో అంది. అనవసరపు ఎక్స్‌రేలు, కంగారు ఉంటాయన్నదీ నిజమే. కానీ 2013లో వెలువడిన అధ్యయనం సంగతి వేరు. నడుముకి బ్రేస్ కట్టుకున్న పిల్లల్లో 72 శాతం మందికి, కట్టుకోనివారిలో 48 శాతం మందికే వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. ఆపరేషన్ మాట వచ్చేది దాదాపు అక్కడే. ఎదుగుదల ఆగిపోయాక మాత్రం బ్రేస్ కట్టినా ఫలితం ఉండదు.

ఆడపిల్లలకి 10, 12 ఏళ్లప్పుడు, మగపిల్లలకి 13, 14 ఏళ్ల మధ్య ఒకసారి చూడాలి.