‘మోసం’ అంటే చాలదు

తండ్రి పోయాక కొడుకు రిజిస్టరు దస్తావేజు బయటపెడతాడు. ఆడపిల్లలు మోసమంటూ దావా వేస్తారు. న్యాయమే కావచ్చు, కానీ ఆ ఒక్క మాటకు కోర్టు కదలదు. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పి వేలిముద్ర వేయించారో దావాలోనే విడమరచి రాయాలంటుంది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు, నాలుగో రూలు. చాలా ప్లెయింట్లు చతికిలపడేది ఇక్కడే.

దస్తావేజు రద్దుకు గడువు 3 ఏళ్లు. మోసం తెలిసిన నాటినుంచి లెక్క. కాబట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసిన తేదీ కూడా సాక్ష్యమే. వీలునామా అయితే కొంత నయం: అనుమానాలు తీర్చే భారం దాన్ని చూపినవారిదే. వేలిముద్ర నాన్నది కాదంటారా? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రల రిజిస్టరు ఉంటుంది. దాన్ని తెప్పించి నిపుణుడితో పోల్పించమని ముందే అడగాలి, అప్పీలులో కాదు.