నా ఎనిమిది వేలు వచ్చేశాయి

గొలుసుకట్టు కంపెనీలో పోయిన డబ్బు తిరిగొస్తుందా అంటే, వస్తుంది. నాకొచ్చింది. ఎట్లా వచ్చిందో చెప్పడానికే పదిహేనేళ్లు పట్టింది.

అప్పట్లో హిందూపురంలో మా స్టాఫ్‌రూమ్ సగం అలాంటి కంపెనీలో చేరింది. ఎనిమిది వేలు కట్టాలి, కుడికొకరు ఎడమకొకరు ఇద్దర్ని చేర్పించాలి. కట్టినందుకు ఒక సూటుగుడ్డ చేతిలో పెట్టేవాళ్లు. ఆదివారాలు పెనుకొండ కళ్యాణ మండపంలో మీటింగులు. టై కట్టిన కుర్రాడు మైకు పట్టుకుంటే మేం చప్పట్లు.

నేను లెక్కల మాస్టర్ని. పదో తరగతికి ఏటా గుణశ్రేఢి చెప్పేవాణ్ణి. ఒకరు ఇద్దర్ని, ఇద్దరు నలుగుర్ని చేర్చుకుంటూ పోతే పద్దెనిమిదో మెట్టు ఒక్కదానికే 2,62,144 మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో హిందూపురం మొత్తం కలిపి లక్షన్నర. మండపంలో ఈ లెక్క తోచలేదని చాలామందికి చెప్పాను. అబద్ధం. తోచింది. ఆ మెట్టు వచ్చేలోపు నేను బయటపడతానని కూడా తోచింది.

పడ్డాను. నా కుడివైపు ధర్మవరంలో ఒక నేతింటి ఆమె. సొంత మగ్గం, మేం ఏళ్లుగా చీరలు కొనే ఇల్లు. పట్టుకీ జరీకీ దాచుకున్న నోట్లు మగ్గం గుంట గట్టున కూర్చుని రెండుసార్లు లెక్కబెట్టి ఇచ్చింది. పట్టు నేసే ఇంటికి పాలిస్టరు సూటుగుడ్డ మోసుకెళ్లాను. మూడో నెలకల్లా నా ఎనిమిది వేలూ చెక్కులుగా వచ్చేశాయి. ఆరో నెలలో ఆఫీసుకు తాళం. నాకొచ్చింది కంపెనీ సంపాదన కాదు, ఆమెలాంటివాళ్లు కట్టిందే.

తర్వాత అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ కూలింది. పలు రాష్ట్రాల్లో 32 లక్షల మంది, ఆరు వేల కోట్ల పైమాట. అప్పుడు మా స్టాఫ్‌రూమ్ ఏమందనుకున్నారు? "ఆశకు పోయారు, అనుభవిస్తారు" అంది. సూటు కుట్టించుకున్నవాళ్లమే అన్నాం. 2019లో పదివేల లోపు కట్టినవాళ్లకీ, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు వాళ్లకీ మా రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. రెండోసారి దాదాపు ఏడు లక్షల మందికి 667 కోట్లు. చిన్నవాళ్లకు దక్కినందుకు సంతోషమే. కాకపోతే అది ఖజానా సొమ్ము, అందులో ఆశకు పోనివాడి పన్నూ ఉంది. కంపెనీ భూములు అప్పటికింకా జప్తుల్లో, కోర్టుల్లోనే ఉన్నాయి.

మా కంపెనీ మీద మాత్రం మాలో ఒక్కరూ స్టేషన్ మెట్లెక్కలేదు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం చేర్పించడాన్నే కాదు, చేరడాన్నీ తప్పంటుంది. మూడేళ్ల దాకా జైలు. ఫిర్యాదు రాస్తే పైన ఎవర్ని రాయాలి? బావమరిదినా? హెడ్మాస్టర్నా? కింద నుంచి రాసుకొస్తే మా పేర్లే. అందుకే "పరువు" అన్నాం, భయం అనలేదు. ధర్మవరం ఆమె ఒకే ఒక్కసారి అడిగింది: "ఆ కంపెనీ ఎవుర్దో మాకేం తెల్సు సార్? మీ మొగం జూసి కడితిమి." కేసు తేలితే వస్తాయన్నాను. కేసే లేదు. నా ఎడమవైపు చేరిన మా మరదలు కట్టినవి మాత్రం రెండు నెలల్లో గుట్టుగా తిరిగిచ్చేశాను. ఇంట్లో పోరు పడలేక.

పోయిన నెల మా అమ్మాయి పెళ్లి చీరకు ఆ ఇంటికే వెళ్లాం. మగ్గం మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ తీసి పక్కన పెట్టింది. బూడిదరంగు, సన్న గీతలు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. చీర ధర చెప్పింది. అలవాటు కొద్దీ అయిదొందలు తగ్గించమన్నాను.

తగ్గించింది.