గాలిలో దీపం, చేతిలో బంతి

సాహసం వేరు, మొండితనం వేరు. ఆటల దగ్గరికొచ్చేసరికి ఈ తేడాను మనం సులభంగా మరచిపోతాం. బ్యాట్స్‌మన్ బంతిని గాలిలోకి లేపితే, అది గీత దాటి పడినప్పుడు “మొనగాడు” అంటాం. అదే బంతి ఫీల్డరు చేతిలో పడితే “బుద్ధిలేని వెధవ” అంటాం. కొట్టినవాడు వాడే, కొట్టిన దెబ్బా అదే. మారింది ఫలితం ఒక్కటే. మరి మనం మెచ్చుకున్నది దేన్ని? తిట్టింది దేన్ని?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికా వాళ్ళాడే ఫుట్‌బాల్ చాలా బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. ఎంచేతంటే ఆ ఆటలో పదకొండుమంది శ్రమ ఒకే ఒక్క మనిషి చేతిలో వుంటుంది. వాడు రెండు మూడు సెకన్లలో ఒక నిర్ణయం తీసుకోవాలి. వాణ్ణే క్వార్టర్‌బ్యాక్ అంటారు.

అది మనమాడే ఫుట్‌బాల్ కాదు. అందులో కాలికి పని తక్కువ, చేతికి పని ఎక్కువ. బంతి రెండు కొనలూ మొనదేలి వుంటుంది. మైదానం 100 గజాల పొడవు. బంతి వున్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మరో నాలుగు లభిస్తాయి. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అంతదూరం పోలేకపోతే రెండు స్తంభాల మధ్యగా బంతిని తన్ని 3 పాయింట్లు సంపాదించుకోవచ్చు. దీన్ని ఫీల్డ్ గోల్ అంటారు.

బంతి చేతికి రాగానే క్వార్టర్‌బ్యాక్ మీదికి కొండల్లాంటి మనుషులు దూసుకొస్తారు. అతని జట్టువాళ్ళు నలుగురైదుగురు తలోవైపు పరుగెడతారు. మొదటివాడు ఖాళీగా వున్నాడా? లేకపోతే రెండోవాడు? వాడూ కాకపోతే దగ్గర్లోనే నిలబడ్డవాడికి చిన్న పాసు ఇవ్వవచ్చు. అదీ కుదరకపోతే తానే పరుగెత్తవచ్చు, బంతిని గీత బయటికి విసిరేయవచ్చు. చివరికి బంతిని పొట్టకు కరుచుకొని కిందపడిపోవచ్చు. ఇవన్నీ గౌరవమైన దారులే. వీటన్నిటినీ కాదని, ఇద్దరు ముగ్గురు శత్రువుల మధ్య నిలబడ్డవాడికి “నా చేతి బలం చూడు” అంటూ బంతిని దూర్చడమే అసలు జబ్బు. శత్రువు దాన్ని మధ్యలో అందుకుంటే ఇంటర్‌సెప్షన్. బంతి పోయింది, మిగిలిన అవకాశాలూ పోయాయి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనడం ఇదే!

ఈ జబ్బుకు చరిత్రలో పెద్ద ఉదాహరణ బ్రెట్ ఫావ్. ఆషామాషీ ఆటగాడు కాదు సుమండీ. 1995, 1996, 1997 సంవత్సరాల్లో వరుసగా లీగు అత్యుత్తమ ఆటగాడి బహుమతి పొందినవాడు (మూడోసారి మాత్రం బ్యారీ శాండర్స్‌తో కలిసి). 297 ఆటల్లో ఒక్కదానికీ గైరుహాజరు కాకుండా వరుసగా బరిలో దిగినవాడు. 1991 నుంచి 2010 దాకా ఇరవై సీజన్లాడి 508 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. ఆ ఇరవై సీజన్లలోనే 336 ఇంటర్‌సెప్షన్లు కూడా ఇచ్చాడు. అంతకుముందు జార్జ్ బ్లాండా పేర వున్న రికార్డు 277. ఫావ్ దాన్ని దాటి చాలాదూరం పోయాడు.

ఫావ్ ఆడిన ఒక్క 2009 సీజను చాలు, నా వాదన బోధపడడానికి. అప్పుడతను మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో వున్నాడు. ఆ సెప్టెంబరు 27న శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుతో ఆట. వైకింగ్స్ 20–24తో వెనకబడి వున్నారు. గడియారంలో మిగిలింది కొద్ది సెకన్లు. ఫీల్డ్ గోల్ తన్నితే వచ్చేవి 3 పాయింట్లే, కావలసింది 4. అంచేత తన్ని లాభం లేదు, ఆగి లాభం లేదు. ఫావ్ తప్పించుకుంటూ పక్కకి పరుగెత్తి, 32 గజాల దూరాన మైదానం చివరి అంచులో వున్న గ్రెగ్ లూయిస్‌కు బంతి విసిరాడు. లూయిస్ పట్టుకున్నాడు. ఇంకా 2 సెకన్లున్నాయనగా ఆట 27–24గా మారింది.

ఇది దింపుడు కళ్ళం ఆశే, నిజమే. కాని ఈ నిర్ణయం సరైనది. లూయిస్ పట్టుకున్నాడు గనక సరైనది అనడం లేదు నేను. అతను జారవిడిచినా సరైనదే అయివుండేది. ఎంచేతంటే విసరకపోతే ఓటమి ఖాయం. పోగొట్టుకోవడానికేమీ లేనప్పుడు పణం పెట్టడం తప్పు కాదు.

ఇక నాలుగు నెలలు ముందుకు వద్దాం. 2010 జనవరి 24, న్యూ ఆర్లియన్స్ నగరం. గెలిచిన జట్టు సూపర్ బౌల్‌కు, అంటే అంతిమ పోటీకి, వెళ్తుంది. స్కోరు 28–28, మిగిలిన సమయం 19 సెకన్లు. బంతి వైకింగ్స్‌దే, ఎదుటివాళ్ళ 38 గజాల గీత మీద వుంది. అక్కణ్ణించి ఫీల్డ్ గోల్ అంటే 55 గజాలు. కష్టమే గాని అసాధ్యం కాదు. అయిదారు గజాలు ముందుకు జరిగినా తన్నేవాడి పని తేలికవుతుంది. ఏమీ చేయకపోయినా ఆట అదనపు సమయానికి వెళ్తుందే తప్ప ఓటమి లేదు. అంటే ఈసారి పోగొట్టుకోవడానికి చేతిలో చాలా వుంది.

ఫావ్ కుడివైపు పరుగెత్తాడు. ముందర కొంత ఖాళీ జాగా వుంది. పరుగెత్తవచ్చు, బయటికి విసిరేయవచ్చు. అతను రెండూ చేయలేదు. కుడికి పోతూ పోతూ శరీరానికి అడ్డంగా, వెనక్కి, మైదానం మధ్యకు విసిరాడు. అలా విసరవద్దని ఆ దేశంలో హైస్కూలు పిల్లలకే చెబుతారు. ట్రేసీ పోర్టర్ అనే శత్రువు దాన్ని హాయిగా అందుకున్నాడు. అదనపు సమయంలో న్యూ ఆర్లియన్స్ జట్టు 40 గజాల ఫీల్డ్ గోల్‌తో 31–28గా గెలిచింది. తరువాత సూపర్ బౌల్ కూడా వాళ్ళే గెలిచారు.

న్యాయంగా మాట్లాడాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు ఫావ్‌ను ప్రత్యర్థులు చితకబాదారు. చీలమండ దెబ్బతిని వుంది. వయస్సు నలభై. పైగా ఆ జట్టు బంతిని మొత్తం అయిదుసార్లు పోగొట్టుకుంది. అవన్నీ అతని ఖాతాలో వేయలేం. ఇదంతా ఒప్పుకుంటాను. కాని కాలు నొప్పి పరుగెత్తడానికి అడ్డు కావచ్చు, బంతిని బయటికి పారేయడానికి అడ్డు కాదే!

విచిత్రమేమంటే ఆ సీజను 16 లీగు ఆటల్లో అతనిచ్చిన ఇంటర్‌సెప్షన్లు 7 మాత్రమే, టచ్‌డౌన్లు 33. ఏడాది పొడుగునా బుద్ధిగా ఆడినవాడు కీలకమైన క్షణంలో పాత అలవాటుకే పోయాడు. 2004 జనవరిలో ఫిలడెల్ఫియాలోనూ ఇంతే, 2008 జనవరిలో గ్రీన్‌బే గడ్డచలిలోనూ ఇంతే. రెండుచోట్లా అదనపు సమయంలో అతని పాసు శత్రువు చేతికి చిక్కింది, రెండుచోట్లా వాళ్ళు ఫీల్డ్ గోల్ తన్ని ఇంటికి పంపించారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు.

ఐతే అలవాటు ఆకాశం నుంచి ఊడిపడదు. పదిసార్లు దూర్చిన బంతి ఏడుసార్లు దూరితే, ఆ ఏడుసార్లూ స్టేడియం హోరెత్తిపోతుంది. పేపర్లు “తుపాకీ వీరుడు” అని రాస్తాయి. మిగతా మూడుసార్లు “పాపం, దురదృష్టం” అని సరిపెట్టుకుంటారు. ఇలా పెంచితే ఏ చెయ్యి అదుపులో వుంటుంది? తప్పులో సగం చప్పట్లు కొట్టిన మనదే.

“మరి ప్రమాదానికి భయపడితే గెలుపెక్కడిది?” అని కొందరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫావ్ తరువాత గ్రీన్‌బేలో ఆడిన ఆరన్ రాడ్జర్స్ 2018లో 597 పాసులు విసిరి 2 ఇంటర్‌సెప్షన్లు మాత్రమే ఇచ్చాడు. అయినా ఆ ఏడు అతని జట్టు గెలిచింది 6, ఓడింది 9, సమం ఒకటి. కాబట్టి బంతి పోగొట్టుకోకపోవడమొక్కటే ఘనత కాదు. కాని రెండోవైపు కూడా చూడండి. 2019లో టాంపాబే జట్టుకు జేమిస్ విన్‌స్టన్ 33 టచ్‌డౌన్లు విసిరాడు, 30 ఇంటర్‌సెప్షన్లిచ్చాడు. జట్టు 7 గెలిచి 9 ఓడింది. మరుసటేడు అదే కోచ్ దగ్గరికి టామ్ బ్రేడీ వచ్చాడు. 40 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. అతనూ దూరం పాసులు విసిరాడు, అతనూ ప్రమాదానికి ఒడిగట్టాడు. కాని ఎప్పుడు ఒడిగట్టాలో తెలిసి ఒడిగట్టాడు. 2021 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. బ్రేడీ ఒక్కడే గెలిపించాడని అనను, రక్షణ వరుస కూడా గొప్పగా ఆడింది. కాని ఇంటర్‌సెప్షన్లు 30 నుంచి 12కు దిగడం చిన్న విషయమా?

మన కబడ్డీలోనూ ఈ సంగతి వుంది. ఒకణ్ణి తాకి, గీత దాటి వచ్చేయవలసినవాడు రెండోవాడి మీద ఆశతో ఆగి పట్టుబడతాడు. జట్టు వెనకబడి, ఆఖరి కూత అయితే ఆగడం సాహసం. జట్టు ముందంజలో వుండగా ఆగితే అది పొగరు. కాళ్ళలో సత్తువ రెండుసార్లూ ఒకటే. తేడా అంతా లెక్కలో వుంది.

కనక మిత్రులారా, నా వాదన ఇంతే. పాసును బంతి ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కాదు, చెయ్యి వదిలిన క్షణాన్ని బట్టి తూచాలి. అప్పుడు స్కోరెంత? సమయమెంత? వేరే దారి వుందా? పోతే పోయేదెంత? ఈ లెక్క సరిపోతే బంతి నేలపాలైనా మెచ్చుకుందాం. లెక్క తప్పితే టచ్‌డౌనైనా సరే, చప్పట్లు కొట్టేముందు కాస్త ఆలోచిద్దాం.

క్వార్టర్‌బ్యాక్ చేతిలో వున్న బంతి అతని సొంతం కాదు. ఎముకలు విరగ్గొట్టుకుంటూ అతనికి అడ్డుగా నిలబడ్డవాళ్ళది, ఊపిరాడకుండా పరుగెత్తినవాళ్ళది. పదిమంది ఆస్తిని పట్టుకున్నవాడికి తన భుజబలం పరీక్షించుకునే హక్కు లేదు. ఈ మాట ఆటగాళ్ళకే కాదు, పదిమంది తరపున నిర్ణయాలు తీసుకోవడానికి మనం ఓట్లేసి ఎన్నుకునే నాయకులకూ వర్తిస్తుంది.