విశ్వవిద్యాలయాల విదేశీ ఒప్పందాలపై గుఢియారీ తెలుగువారి సభ తీర్మానం

రాయ్‌పూర్ నగరం గుఢియారీలో నివసించే తెలుగు కుటుంబాల వారు, అనగా ధాన్యం, కిరాణా వ్యాపారాల్లో ఉన్నవారు, రైల్వేలో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు, ఈ నగరపు విశ్వవిద్యాలయాల్లో పిల్లలను చదివిస్తున్నవారు సభగా కూడి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ సంస్థలతో చేసుకునే ఒప్పందాల విషయమై ఈ కింది తీర్మానాన్ని ఆమోదించారు.

సభ గమనిస్తున్నదేమనగా, విశ్వవిద్యాలయం పరదేశాలతో సంబంధం పెట్టుకోవడం కొత్త సంగతి కాదు. ఈ సభ దాన్ని వ్యతిరేకించడమూ లేదు. 1964లో జబల్‌పూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం తోడు నిలిచింది. అదే ఏడు హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం అండగా ఉంది. అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆ కార్యక్రమాల కింద అక్కడి ఆచార్యులు ఇక్కడికి వచ్చి పనిచేశారు, ఇక్కడివారు అక్కడికి వెళ్లి చదువుకుని వచ్చారు. రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం 1987లో ఆ జబల్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి విడివడి ఏర్పడినదే.

సభ గుర్తుచేస్తున్నదేమనగా, తెలుగు రైతుకు అన్నం పెట్టిన వంగడాల వెనుక కూడా ఇటువంటి రాకపోకలే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనికతో 1950లలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఇండికా, జపానికా రకాలను సంకరం చేశారు. ఆ కార్యక్రమంలో నుంచి వచ్చిన మసూరి 1965లో మలేషియాలో విడుదలై, అక్కడి నుంచి మన దేశానికి చేరింది. బాపట్లలో 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, దాని సంతానం. మార్టేరులో తీసిన స్వర్ణ, అనగా ఎంటీయూ 7029 కూడా దాని సంతానమే. ఆ స్వర్ణ, మార్టేరుదే అయిన కాటన్‌దొర సన్నాలు నేడు ఛత్తీస్‌గఢ్ పొలాల్లో విరివిగా పండుతున్నాయి. ఇక్కడి వ్యాపారికి మార్టేరు ఎక్కడుందో తెలియకపోవచ్చు, ఎంటీయూ అంటే మాత్రం తెలుసు. ఒడిశా దేశవాళీ రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఏలో ముంపును తట్టుకునే గుణం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణ శాస్త్రవేత్తలు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి అందుకు మూలమైన జన్యువును 2006లో వెల్లడించారు. దాన్ని స్వర్ణలోకి చేర్చి తీసిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇవన్నీ ప్రభుత్వ సంస్థల ద్వారా వచ్చిన రకాలు. రైతు ఒకసారి తెచ్చుకుని, పండినదానిలోంచే విత్తనం ఉంచుకుని మళ్లీ చల్లుకుంటున్నాడు.

సభ నమోదు చేస్తున్నదేమనగా, రాయ్‌పూర్ వద్ద ఇతరులు అడగదగిన సంపద ఒకటి ఉంది. కటక్ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా ఊరూరి నుంచి వేలాది దేశవాళీ వరి రకాలను సేకరింపజేశారు. ఆ సేకరణే ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయానికి దక్కి, నేడు ఇరవైమూడు వేల పైచిలుకు నమూనాల జన్యు నిధిగా పెరిగింది. దూబరాజ్, జీరాఫూల్, విష్ణుభోగ్, లైచా వంటి పేర్లు ఇక్కడివారికి తెలిసినవే. మిగిలిన వేల పేర్లు వాటిని పండించిన పల్లెలకే తెలుసు. ఒక్కో సంచికీ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఎదురుగా రకం పేరు, తెచ్చిన చోటు, పంటకాలం, గింజ తీరు. ఈ విత్తనాన్ని చల్లని గదిలో పెట్టి తాళం వేస్తే చాలదు. కొన్నేళ్లకోసారి మళ్లీ నాటి కొత్త గింజ తీయకపోతే మొలక శక్తి పోతుంది. అంత శ్రమను ఇన్నేళ్లుగా మోసినది ప్రజాధనం, విశ్వవిద్యాలయ సిబ్బంది, కూలీలు. ఆ శ్రమను ఈ సభ ప్రశంసిస్తున్నది.

సభ విచారం వ్యక్తం చేస్తున్నదేమనగా, 2002లో స్విట్జర్లాండ్‌కు చెందిన సింజెంటా కంపెనీతో ఈ నిధి విషయమై విశ్వవిద్యాలయం జరిపిన సంప్రదింపులు ముందుగా ప్రజలకు తెలియలేదు. విషయం పత్రికలకెక్కిన తరువాతనే రైతు సంఘాలు, పౌర సంఘాలు, రాజకీయ పక్షాలు రోడ్డెక్కాయి. 2002 డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. అదే నెలలో పార్లమెంటు జీవవైవిధ్య బిల్లును ఆమోదించింది. ఆనాటి నిర్ణయాల్లో ఎవరి ఉద్దేశం ఎటువంటిదో తేల్చడం ఈ సభ పని కాదు. విత్తనం ఇచ్చిన పల్లెకు చెప్పకుండా దాని మీద బేరం సాగగలిగిందన్నదే ఈ సభ అభ్యంతరం.

సభ ఇంకా గమనిస్తున్నదేమనగా, జీవవైవిధ్య చట్టం వచ్చాక విదేశీ కంపెనీ గాని, విదేశీ సంస్థ గాని మన జీవవనరులను తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. అయితే అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలకు లోబడి, దాని ఆమోదంతో సాగే సంస్థల ఉమ్మడి పరిశోధనలకు ఆ అనుమతి అవసరం లేదు. శాస్త్ర పరిశోధన కాగితాల కింద నలిగిపోకూడదన్నది ఆ మినహాయింపు ఉద్దేశం, అది సబబే. కాని విశ్వవిద్యాలయాల విదేశీ ఒప్పందాలు ఎక్కువగా నడవగల దారి కూడా అదే కనుక, ఆ దారిలో ఏమి వెళ్తున్నదో కనబడే ఏర్పాటు ఉండాలి.

సభ అభిప్రాయపడుతున్నదేమనగా, నేడు అంతర్జాతీయ సహకారాన్ని అవగాహన ఒప్పందాల సంఖ్యతో కొలిచే అలవాటు పెరిగింది. సంతకాల ఫొటో పత్రికల్లో వస్తుంది. ఒప్పందం నకలు ఎక్కడా రాదు. 2020 జాతీయ విద్యావిధానం విదేశీ విద్యార్థులున్న ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వారికోసం ఒక కార్యాలయం ఉండాలన్నది. కార్యాలయం తెరవడం సులువు, కాని విద్యార్థులను రప్పించేది అది కాదు. ఖైరాగఢ్‌లో 1956 నుంచి ఉన్న ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయానికి శ్రీలంక వంటి దేశాల నుంచి విద్యార్థులు వస్తున్నారంటే, అక్కడ నేర్పే విద్య కోసం వస్తున్నారు.

పై కారణాల చేత ఈ సభ తీర్మానిస్తున్నదేమనగా:

1. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏ విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకోదలచినా, సంతకానికి ముందే ముసాయిదాను హిందీలోనూ ఇంగ్లీషులోనూ ప్రజల ముందు పెట్టాలి. మనం ఇచ్చేదేమిటి, వచ్చేదేమిటి, ఫలితం మీద హక్కు ఎవరిది, పేటెంటు వస్తే ఎవరి పేర వస్తుంది, తగవు వస్తే ఏ దేశపు కోర్టు తేలుస్తుంది అన్నవి అందులో విడిగా చూపాలి. రహస్యంగా ఉంచవలసిన భాగం ఏదైనా ఉంటే, ఉన్నదన్న సంగతినైనా చెప్పాలి. సమాచార హక్కు చట్టం కింద ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగడం ఈ సభకు సమ్మతం కాదు.

2. 5వ సెక్షన్ మినహాయింపు కింద సాగుతున్న ఉమ్మడి పరిశోధనల జాబితాను, వాటి కింద దేశం దాటిన విత్తన నమూనాల సంఖ్యలతో సహా, కృషి విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించాలి.

3. రిఛారియా సేకరణ నుంచి వచ్చిన ఏ రకం మీదనైనా ఆదాయం వస్తే, అందులో ఆ రకం వచ్చిన ఊరికి వాటా చేరాలి. పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలకు చట్టం వీలు కల్పించింది గనుక ఆ డబ్బు వాటి ద్వారానే చేరవచ్చు. ఆ ఊళ్లో రకం అంతరించి ఉంటే, డబ్బు కన్నా ముందు విత్తనం తిరిగి ఇవ్వాలి. ఇది ఒప్పందంతో నిమిత్తం లేకుండా ఇప్పుడే మొదలుపెట్టదగిన పని.

4. విదేశాలకు విద్యార్థులను పంపే ప్రతి పథకంలో ప్రభుత్వ పాఠశాలల నుంచి, హిందీ మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు కొన్ని స్థానాలు కేటాయించి, వారికి విశ్వవిద్యాలయమే ఏడాది ముందు నుంచి ఇంగ్లీషు, కంప్యూటరు శిక్షణ ఇవ్వాలి. పాస్‌పోర్టు, వీసా ఖర్చులు, బ్యాంకు నిల్వ చూపవలసిన భారం కుటుంబం మీద పడకూడదు. ఎంపిక కేవలం మార్కుల మీదనే జరగాలని కొందరు సభ్యులు కోరారు. వారి భిన్నాభిప్రాయం నమోదైంది. అంశం అధిక సంఖ్యాకుల ఆమోదంతో నెగ్గింది.

5. పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, కృషి విశ్వవిద్యాలయం తమ వార్షిక నివేదికల్లో ప్రతి విదేశీ ఒప్పందం ఎదుటా ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు, ఏ పని జరిగింది అన్నది రాయాలి. మూడేళ్లుగా ఏ పనీ జరగని ఒప్పందాన్ని జాబితా నుంచి తీసివేయాలి.

6. విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులను విరాళాల కోసమే కాక, ఇక్కడి పరిశోధక విద్యార్థులకు సహ మార్గదర్శకులుగా పిలవాలి.

7. ఈ సభ తన వంతుగా ఒక పని స్వీకరించింది. ధాన్యం వ్యాపారంలో ఉన్న సభ్యులు తమ వద్దకు వచ్చే దేశవాళీ రకాల పేర్లు, అవి వచ్చిన ఊళ్లు రాసి ఉంచి, కోత కాలం ముగిశాక కృషి విశ్వవిద్యాలయపు వరి విభాగానికి అందజేస్తారు. పేరు తెలియని గింజ వస్తే గుప్పెడు నమూనా కూడా జతచేస్తారు.

4వ అంశం మినహా తక్కినవన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. ఈ తీర్మానాన్ని హిందీలోకి అనువదించి, కులాధిపతి హోదాలో ఉన్న రాష్ట్ర గవర్నరుకు, రెండు విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రాష్ట్ర జీవవైవిధ్య బోర్డుకు పంపాలని, తెలుగు ప్రతిని గుఢియారీలోని తెలుగు కుటుంబాలన్నిటికీ అందించాలని సభ నిర్ణయించింది.